పుట్టగొడుగు ఏమి తిని బ్రతుకుతున్నది? గరాచర్మ పరిసర అడవులలో చూసి తెలుసుకోవలసిన సంగతులు

దక్షిణ అండమాన్‌లో మే నెల ద్వితీయార్ధంలో నైరుతి ఋతుపవనాలు ప్రవేశించిన కొద్ది దినాలకే నేలపైనా, పడిపోయిన దుంగలపైనా, ఎండుకొమ్మలపైనా రకరకాల పుట్టగొడుగులు తలలెత్తుతాయి. నైరుతి వెనుదిరిగిన తరువాత ఈశాన్య ఋతుపవనాలు కూడా ఈ దీవులకు వానలు తెస్తాయి. కావున జనవరి నుండి ఏప్రిల్ వరకు గల పొడికాలం మినహా ఏడాదిలో సుమారు 8 నెలలు ఇక్కడ తేమకు కొరత లేదు. సాలీనా సగటు వర్షపాతం సుమారు 3,000 మిల్లీమీటర్లు. దీవుల విస్తీర్ణంలో నూటికి 80 వంతులకు పైగా అడవి. శిలీంధ్ర జాతికి ఇంతకంటె అనువైన తావు మన దేశంలో అరుదు.

శ్రీ విజయపురం పట్టణానికి (2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్) చేరువలో ఉన్న గరాచర్మ వ్యవసాయదారులకు పరిచితమైన స్థలం. 1978లో నెలకొల్పబడి, ఇప్పుడు కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ అని పిలువబడుతున్న సంస్థ ఇక్కడే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. సొంత ఊరిలో పుట్టగొడుగులు ఏరుకొని కూర వండుకున్న అలవాటు గలవారు కొత్త నేలపై మొలిచిన గొడుగును చూచినప్పుడు రెండు ప్రశ్నలు వేస్తారు. తినవచ్చునా? పెంచి అమ్ముకొనవచ్చునా? ఈ రెండింటికంటె ముందు వేయవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. ఇది ఏమి తిని బ్రతుకుతున్నది? దీనికి సమాధానం తెలియనిదే మొదటి రెండు ప్రశ్నలకు నమ్మదగిన జవాబు దొరకదు. ఒకటి ప్రాణానికీ, రెండవది అప్పు తెచ్చిన పెట్టుబడికీ సంబంధించిన ప్రశ్నలు కనుక ఈ విషయాన్ని కొంత విపులంగా తెలుసుకోవడం అవసరం.

మొక్క కాదు, జంతువు కాదు

పుట్టగొడుగును చాలాకాలం మొక్కలలో ఒకటిగా లెక్కించారు. 1969లో విటాకర్ అను శాస్త్రజ్ఞుడు జీవులను ఐదు రాజ్యాలుగా విభజించి శిలీంధ్రాలను ప్రత్యేక రాజ్యంగా చూపాడు. వీటికి పత్రహరితం లేదు. ఎండలో తమ ఆహారం తాము తయారు చేసుకొనలేవు. వీటి కణాల గోడలలో ఉండే కైటిన్ అను పదార్థమే రొయ్య పెంకులోనూ ఉంటుంది. ఇప్పటివరకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన శిలీంధ్రాలు సుమారు లక్షన్నర. ప్రపంచంలో మొత్తం 22 లక్షల నుండి 38 లక్షల వరకు ఉండవచ్చునని 2017లో ఒక అంచనా వెలువడింది. అనగా మనం పేరు పెట్టినవి పదింట ఒక వంతు కూడా కావు. పాండిచ్చేరి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో అండమాన్ నికోబార్ శిలీంధ్రాల పట్టిక ఒకటి ప్రకటించారు. అటుపిమ్మట కూడా ఈ దీవుల నుండి కొత్త జాతులు బయటపడుతూనే ఉన్నాయి. "ఇది మా ఊళ్ళో తినేదే" అనే మాటను ఇక్కడ తేలికగా అనరాదు అనడానికి ఇదొక కారణం.

మనకు కనబడే గొడుగు ఆ జీవి యొక్క ఫలం మాత్రమే. మామిడిచెట్టుకు పండు ఎటువంటిదో దీనికి గొడుగు అటువంటిది. అసలు జీవి దూదిపోగుల వంటి తెల్లని దారాల రూపంలో కర్రలోనో, మట్టిలోనో, ఆకుచెత్తలోనో వ్యాపించి ఉంటుంది. తగిన తేమ, తగిన వేడి దొరికినపుడు గొడుగును పైకి పంపుతుంది. గొడుగు క్రింద కత్తిరేకుల వలె కనబడే మొప్పల నుండి పొడి వంటి సిద్ధబీజాలు రాలి గాలిలో కొట్టుకుపోతాయి. గొడుగు రెండు మూడు దినాలలో కుళ్ళిపోయినా దారాలు ఏళ్ళ తరబడి బ్రతికి ఉండగలవు.

దుంగపై, వేరుపై, పుట్టపై

శిలీంధ్రాల జీవనాన్ని స్థూలంగా నాలుగు విధాలుగా చెప్పవచ్చు. మొదటివి మృతపదార్థాన్ని తినేవి. అడవిలో కూలిన చెట్టును కొన్నేళ్ళకు మట్టిగా మార్చేవి ఇవే. దుంగను చేతితో విరిచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కొన్ని దుంగలు తెల్లబారి పీచుపీచుగా విడిపోతాయి. కొన్ని గోధుమరంగుకు తిరిగి, ఎండిన చెరువు మట్టి బీటలు వారినట్లు చిన్న చిన్న పెళ్ళలుగా విరుగుతాయి. మొదటి దానిలో శిలీంధ్రం కర్రకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అను పదార్థాన్ని కూడా జీర్ణించుకున్నది. రెండవ దానిలో లిగ్నిన్‌ను విడిచి మిగిలినదే తిన్నది. మనం పెంచే ముత్యపుచిప్ప పుట్టగొడుగు మొదటి తరగతికి చెందినది. వరిగడ్డి, పోకపట్టలు, కొబ్బరి పీచుపొట్టు వంటి మొండి పదార్థాలపై అది పెరగగలగడానికి కారణం ఈ శక్తే. కొబ్బరి పీచుపొట్టును ఎరువుగా మార్చడానికి కాయిర్ బోర్డు ప్రచారం చేసిన పిత్‌ప్లస్ కూడా ముత్యపుచిప్ప జాతి విత్తనంతో తయారయినదే.

దుంగలపై ఈ తరగతివి ఇంకా ఎన్నో కనబడతాయి. మనిషి చెవి తమ్మె వలె మెత్తగా వేలాడేది చెవి పుట్టగొడుగు. వేలిగోరంత విసనకర్ర వలె ఉండి, క్రింది మొప్పలు నిలువునా చీలి ఉండేది షైజోఫిల్లమ్. ఇది ఎండకు ముడుచుకొని, వాన తగలగానే మళ్ళీ విచ్చుకుంటుంది. దీనిని మణిపూర్‌లో కాంగ్లాయెన్ అను పేరుతో సంతలో అమ్ముతారు, ఇష్టంగా తింటారు. చిన్న గిన్నె ఆకారంలో ఎర్రగా మెరిసేవి, అల్లిన వల వంటి ముసుగు వేసుకొని దుర్వాసనతో ఈగలను పిలిచేవి కూడా ఉష్ణమండల అడవులలో సాధారణం. ఈగలే వాటి సిద్ధబీజాలను మోసుకుపోతాయి.

రెండవవి బ్రతికి ఉన్న చెట్ల వేళ్ళతో పొత్తు పెట్టుకునేవి. శిలీంధ్రం మట్టి నుండి నీటినీ, భాస్వరాన్నీ వేరుకు అందిస్తుంది. చెట్టు దానికి చక్కెరను అందిస్తుంది. అండమాన్ అడవులలో ప్రసిద్ధమైన గర్జన్ చెట్టు ఇటువంటి పొత్తు గల కుటుంబానికి చెందినది. ఈ పొత్తులో ఉండే శిలీంధ్రాలను గడ్డిపై పెంచడం సాధ్యం కాదు. చెట్టు లేనిదే అవి గొడుగు వేయవు. "ఈ అడవి జాతి విత్తనం మా వద్ద ఉంది, సంచిలో పెంచవచ్చు" అని ఎవరైనా చెప్పినపుడు అది కర్రపై పెరిగేదా, వేరుపై పెరిగేదా అని అడిగితే చాలు, సగం నిజం బయటపడుతుంది.

మూడవవి చెదపురుగులతో కలిసి జీవించేవి. మన భాషలోని మాట ఇక్కడ మంచి సాక్ష్యం చెబుతున్నది. పుట్టపై మొలిచే గొడుగు పుట్టగొడుగు. కొన్ని జాతుల చెదలు పుట్ట లోపల గూడు కట్టి, నమిలిన ఆకు, కర్ర ముక్కలపై టెర్మిటోమైసిస్ అను శిలీంధ్రాన్ని తోటవలె పెంచుకుంటాయి. వాన పడినపుడు ఆ గూటి నుండి పొడవైన వేరు వంటి కాడతో గొడుగులు పైకి వస్తాయి. ప్రధాన భూభాగంలో తొలకరి పిమ్మట సంతలకు వచ్చే రుచికరమైన అడవి పుట్టగొడుగులలో ఇవి ముఖ్యమైనవి. ఇంతవరకు వీటిని వాణిజ్యస్థాయిలో పెంచగలిగినవారు లేరు. చెదలు చేసే సేద్యం మనిషికి ఇంకా చేతకాలేదన్నమాట!

నాలుగవవి బ్రతికి ఉన్న చెట్టునే తినేవి. వీటి సంగతి కొబ్బరి రైతులకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది గనుక తరువాత వివరిస్తాము.

చూచే పద్ధతి

అడవిలోకి వెళ్ళేముందు ఎక్కడికి వెళ్ళవచ్చునో తెలుసుకోవాలి. ఆదిమ తెగల రక్షిత ప్రాంతాలలో ప్రవేశం 1956 నాటి నిబంధనల ప్రకారం నిషిద్ధం. జాతీయోద్యానాలలో అనుమతి లేనిదే ఏ అటవీ ఉత్పత్తినీ తీయరాదు. రిజర్వు అడవులకు అటవీశాఖ అనుమతి పొందాలి. నిజానికి నేర్చుకునేవారు అంతదూరం పోవలసిన పని లేదు. తోట గట్టు, పడిపోయిన పోకచెట్టు, కట్టెల మోపు, పశువుల పాక వెనుక పెంటకుప్ప చాలును. వానాకాలంలో జలగలు, ఆకుచెత్తలో జెర్రులు ఉంటాయి గనుక చేతితో తడిమే ముందు కర్రతో కదిపి చూడటం మంచిది.

ఒక నోటు పుస్తకంలో తేదీ, స్థలం, దేనిపై మొలిచినది, ఒంటరిగానా గుంపుగానా, వాన పడి ఎన్ని దినాలైనది వ్రాసుకోవాలి. తరువాత గొడుగు రంగు, వెడల్పు, మొప్పల రంగు, కాడకు ఉంగరం వంటి పొర ఉన్నదా అనేవి చూడాలి. కాడను పైనుండి త్రుంచరాదు. మట్టితో సహా తవ్వి తీయాలి. కాడ మొదట గిన్నె లేక సంచి వంటి పొర మట్టిలో దాగి ఉండవచ్చు. అత్యంత ప్రమాదకరమైన జాతులను గుర్తించే ఆనవాలు అక్కడే ఉంటుంది. కత్తితో పైకి కోసినవారికి అది కనబడదు.

సిద్ధబీజాల రంగు తెలుసుకొనడానికి ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉంది. విచ్చిన గొడుగును కాడ నుండి వేరుచేసి, మొప్పలు క్రిందికి ఉండేటట్లు సగం తెల్ల కాగితంపై, సగం నల్ల కాగితంపై పెట్టి గిన్నె బోర్లించాలి. తెల్లవారేసరికి కాగితంపై ముగ్గు పెట్టినట్లు అచ్చు పడుతుంది. తెలుపు, గులాబి, గోధుమ, నలుపు మొదలైన రంగులు జాతిని బట్టి ఉంటాయి. పాఠశాల పిల్లలచేత చేయించదగిన పని ఇది. ముట్టుకున్న తరువాత చేతులు కడుగుకోవాలి. నాలుకపై పెట్టి రుచి చూడరాదు.

తినే విషయం

రాత్రిపూట కాగితంపై పడిన అచ్చు ఆకుపచ్చగా ఉంటే ఆ గొడుగు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అయి ఉండే అవకాశం ఎక్కువ. వేడి ప్రాంతాలలో పచ్చికపైనా, పశువుల మేత భూములలోనూ పెద్ద పెద్ద తెల్ల గొడుగులుగా మొలిచేది ఇదే. చూపులకు ముచ్చటగా, తినదగినదిగా కనబడుతుంది. తిన్న కొద్ది గంటలలోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. సాధారణంగా ప్రాణం తీయదు గాని పిల్లలను, వృద్ధులను ఆసుపత్రి పాలు చేయగలదు. లేతదశలో దీని మొప్పలు తెల్లగానే ఉంటాయి గనుక రంగు చూచి మోసపోవడం సులభం.

ప్రాణం తీసేవి అమానిటా జాతిలోని కొన్ని. వాటిలోని విషం వేడికి నశించదు. ఉడికించినా, ఎండబెట్టినా, నీరు పారబోసినా పోదు. వెండి చెంచా నల్లబడటం, వెల్లుల్లి రంగు మారడం, పురుగు తొలిచి ఉండటం వంటి పరీక్షలన్నీ నిరాధారమైనవి. మనిషిని చంపే గొడుగును నత్తలూ, పురుగులూ హాయిగా తినగలవు. ఈ విషం యొక్క నడక మరీ కపటమైనది. తిన్న 6 నుండి 24 గంటల వరకు ఏ బాధా తెలియదు. తరువాత వాంతులు, విరేచనాలు మొదలై, ఒక దినం గడిచాక తగ్గినట్లు కనబడుతుంది. ఇంటివారు ఊపిరి పీల్చుకుంటారు. మూడవ నాలుగవ దినాలలో కాలేయం దెబ్బతిని పరిస్థితి విషమిస్తుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు. ఏళ్ళుగా ఏరుకు తినే అలవాటున్న ప్రాంతంలోనే అది జరిగింది.

అలవాటే ఒక్కొక్కప్పుడు శత్రువు అవుతుంది. మనం పెంచే వరిగడ్డి పుట్టగొడుగు మొగ్గదశలో కోడిగ్రుడ్డు వలె తెల్లని పొరలో ఉంటుంది. ప్రాణాంతకమైన అమానిటా మొగ్గ కూడా అట్లే ఉంటుంది. ఆగ్నేయాసియా దేశాల నుండి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళిన కుటుంబాలు తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగే అనుకొని దానిని వండుకు తిని ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు వైద్య గ్రంథాలకెక్కాయి. విచ్చిన తరువాత వరిగడ్డి పుట్టగొడుగు అచ్చు గులాబి రంగు, అమానిటా అచ్చు తెలుపు. మొగ్గదశలో ఆ తేడా తెలియదు. ఒక దేశం నుండి మరొక దేశానికి పోయినవారికి జరిగినది, తీరం నుండి దీవికి వచ్చినవారికి జరగకూడదన్న నియమం లేదు.

కావున మా సలహా స్పష్టం. అడవి పుట్టగొడుగులను చూడండి, వ్రాసుకోండి, పిల్లలకు చూపండి. కూరకు మాత్రం తెలిసిన విత్తనంతో పెంచినవే వాడండి. పొరపాటున తిన్నవారు ఉంటే బాధ మొదలయ్యే వరకు వేచి ఉండరాదు. వండగా మిగిలిన ముక్కను కాగితంలో చుట్టుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే అది త్వరగా కుళ్ళిపోతుంది. అదే కూర తిన్నవారందరినీ, బాగానే ఉన్నట్లు కనబడినవారిని సైతం, వెంట తీసుకుపోవాలి.

కొబ్బరి మొదట కనబడే గొడుగు

చెట్టు మొదట బల్ల కొట్టినట్లు ఒకవైపుకు పొడుచుకు వచ్చే, పైన లక్క పూసినట్లు మెరిసే గట్టి శిలీంధ్రం గానోడెర్మా. అడవిలో మోడుపై కనబడితే అది చెత్తను మట్టి చేసే పనివాడు. తోటలో కాయ కాస్తున్న కొబ్బరి మొదట కనబడితే అది నష్టానికి సూచన. 1952 తుఫాను అనంతరం తంజావూరు ప్రాంతంలో విస్తారంగా కనబడినందున దీనికి తంజావూరు తెగులు అన్న పేరు వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, కేరళ కొబ్బరి తోటలలో ఇది ఉంది. పోక చెట్లకు సోకినపుడు కర్ణాటకలో అణబె రోగం అంటారు. అణబె అనగా కన్నడంలో పుట్టగొడుగే.

గొడుగు కనబడే నాటికి తెగులు చాలా ముదిరి ఉంటుంది. అంతకు ముందే కాండం అడుగు నుండి ఎర్రగోధుమ రంగు జిగురు కారుతుంది. క్రింది మట్టలు వాడి వ్రేలాడతాయి. పిందెలు రాలుతాయి. రైతు చూడవలసినది ఆ జిగురును. చచ్చిన చెట్టును మొద్దు, వేళ్ళతో సహా తీసి కాల్చివేయాలి. సోకిన చెట్టు చుట్టూ నాలుగైదు అడుగుల దూరంలో రెండడుగుల లోతు, అడుగు వెడల్పు గల కందకం తీసి ప్రక్క చెట్లకు వేళ్ళ ద్వారా ప్రాకకుండా ఆపాలి. ఆరోగ్యంగా ఉన్న చెట్లకు ఏటా 5 కిలోల వేపపిండిని ట్రైకోడెర్మాతో కలిపి వేయాలి. పాదులలో వేళ్ళు తెగేటట్లు దున్నరాదు. ఒక చెట్టు పాదు నుండి మరొక చెట్టు పాదుకు నీరు పారించరాదు. తోటపై దీర్ఘకాలిక రుణం తీసుకున్నవారికి ఈ పని మరింత ముఖ్యం. కాపుకు వచ్చిన చెట్టు పోతే మారుచెట్టు ఫలించడానికి ఏళ్ళు పడుతుంది. వాయిదా మాత్రం సకాలంలో వస్తుంది.

ఈ ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. మట్టిలోని చెడ్డ శిలీంధ్రాలను అణచివేస్తుంది గనుక కొబ్బరి రైతుకు మిత్రుడు. అదే పుట్టగొడుగుల సంచిలోకి ప్రవేశిస్తే ఆకుపచ్చని బూజుగా వ్యాపించి పంటను తినివేస్తుంది. ఎరువుల దుకాణదారులు గమనించవలసినది ఇక్కడ ఒకటి ఉన్నది. ట్రైకోడెర్మా ప్యాకెట్లనూ, పుట్టగొడుగుల విత్తనాన్నీ ఒకే గదిలో ఉంచరాదు. ట్రైకోడెర్మా ప్రాణమున్న సరుకు గనుక నీడలో ఉంచి, గడువు తేదీ చూచి అమ్మాలి. రసాయనిక శిలీంధ్రనాశినులతో కలిపి వేయమని సలహా ఇవ్వరాదు.

అడవి నుండి సంచిలోకి

గమనించే కన్ను ఉన్నవారికి అడవి ఏమిస్తుందో చెప్పడానికి మన దేశంలోనే రెండు మంచి ఉదాహరణలున్నాయి. రెండూ 1974 నాటివి. పశ్చిమ బెంగాల్‌లో నేలపై మొలిచే ఒక తెల్లని పుట్టగొడుగును పుర్కాయస్థ, చంద్ర అను శాస్త్రజ్ఞులు కాలోసైబి ఇండికా అను పేరుతో వర్ణించారు. అదే నేడు పాల పుట్టగొడుగుగా దక్షిణాది బజార్లలో అమ్ముతున్నది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం దాని నుండి ఏ.పి.కె.2 అను రకాన్ని 1998లో విడుదల చేసింది. అదే 1974లో హిమాలయ పాదప్రాంతంలో జెముడు జాతి మొక్కపై దొరికిన ముత్యపుచిప్ప రకాన్ని జందైక్ సాగులోకి తెచ్చారు. అంతకు ముందే, 1962లో, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో బానో, శ్రీవాస్తవ మరొక ముత్యపుచిప్ప రకాన్ని వరిగడ్డిపై పెంచి చూపారు. వరిగడ్డి పుట్టగొడుగును కోయంబత్తూరులో 1940 దశకం తొలినాళ్ళలోనే పెంచారు. వీరందరూ మొదట తెలుసుకున్నది ఒక్కటే: అది దేనిపై పెరుగుతున్నది, ఎంత వేడిలో, ఎంత తేమలో.

ఆ లెక్క ప్రకారం చూస్తే బజారులో ఎక్కువగా కనబడే తెల్లని బటన్ పుట్టగొడుగు ఈ దీవులలోని చిన్న రైతుకు తగినది కాదు. గొడుగు వేయడానికి దానికి 14 నుండి 18 డిగ్రీల చల్లదనం కావాలి. ఏడాది పొడవునా గదిని చల్లబరచే విద్యుత్తు ఖర్చు చిన్న యూనిట్ భరించలేదు. ముత్యపుచిప్పకు 20 నుండి 30 డిగ్రీలు, పాల పుట్టగొడుగుకు 30 నుండి 35 డిగ్రీలు చాలును. రెండవది కోసిన తరువాత కొంత ఎక్కువకాలం నిలువ ఉంటుంది. ఇది తక్కువ ప్రయోజనం కాదు.

ముత్యపుచిప్ప పద్ధతి సంగ్రహంగా ఇది. ఎండు వరిగడ్డిని రెండంగుళాల ముక్కలుగా నరికి 12 నుండి 18 గంటలు నానబెట్టి, 80 డిగ్రీల వేడినీటిలో గంట నుండి రెండు గంటలు ఉంచాలి. నీరు వార్చి ఆరబెట్టాలి. పిడికిట పిండితే తడి తెలియాలి గాని చుక్క రాలరాదు. తడిగడ్డి బరువులో నూటికి 2 నుండి 3 పాళ్ళ విత్తనాన్ని పొరలు పొరలుగా చల్లుతూ పాలిథీన్ సంచులలో నింపి, సంచికి రంధ్రాలు చేసి చీకటి గదిలో పెట్టాలి. 15 నుండి 20 దినాలలో సంచి లోపల అంతా తెల్లని దారాలు అల్లుకుంటాయి. అప్పుడు సంచి చీల్చి, వెలుతురు, గాలి తగలనిచ్చి, రోజుకు రెండు మూడుసార్లు నీరు చిలకరిస్తే వారంలో మొదటి కోత వస్తుంది. గొడుగు అంచు పైకి ముడుచుకోక ముందే కోయాలి. ఆలస్యమైతే గది నిండా సిద్ధబీజాల పొడి నిండి పనిచేసేవారికి దగ్గు, ఆయాసం కలుగుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొనడం ఎప్పుడూ మంచిది.

పరపతి లెక్క

100 కిలోల ఎండుగడ్డికి మంచి యాజమాన్యంలో 50 నుండి 70 కిలోల తాజా పుట్టగొడుగులు రావచ్చు. బ్యాంకుకు సమర్పించే అంచనాలో 50 కిలోలు మాత్రమే వేయండి. మొదటి రెండు పంటలలో కొన్ని సంచులు బూజుపట్టి పోవడం సహజం. పాక, అరలు, డ్రమ్ము, గడ్డి నరికే కత్తి, పిచికారి యంత్రం అనేవి కాలపరిమితి రుణం క్రిందికి, గడ్డి, విత్తనం, సంచులు, కూలి అనేవి నిర్వహణ పెట్టుబడి క్రిందికి వస్తాయి. ఒక పంట సుమారు రెండు నెలలలో ముగుస్తుంది గనుక నిర్వహణ పెట్టుబడి ఏడాదిలో పలుమార్లు తిరుగుతుంది. ఏడాది మొత్తానికి గడ్డి ఖర్చును ఒకేసారి అప్పుగా తెచ్చుకోవడం అనవసరపు వడ్డీ. నాబార్డు రూపొందించిన నమూనా ప్రాజెక్టులలో పుట్టగొడుగుల పెంపకం కూడా ఉంది. వ్యవసాయ, అనుబంధ కార్యకలాపాలకు హామీ లేకుండా ఇచ్చే రుణపరిమితిని 2025 జనవరి నుండి 2 లక్షల రూపాయలకు పెంచారు. ఇంటి స్థాయి యూనిట్‌కు ఇది సాధారణంగా సరిపోతుంది.

దీవులలో ఈ లెక్కను తారుమారు చేయగల సంగతులు మూడున్నాయి. మొదటిది గడ్డి. వరి ముఖ్యంగా ఉత్తర, మధ్య అండమాన్‌లో పండుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో దక్షిణ అండమాన్ నేల కుంగి, సిప్పిఘాట్ వంటి చోట్ల పంట భూములలోకి ఉప్పునీరు చేరింది. గడ్డిని దూరం నుండి తెచ్చే రవాణా ఖర్చు కలిపిన తరువాత లాభం మిగులుతుందో లేదో చూడాలి. పోకపట్టలు, కొబ్బరి వ్యర్థాలు చేరువలో దొరికేవారు వాటిని పది సంచులలో ప్రయోగించి చూచి, దిగుబడి వ్రాసుకొని, అటుపిమ్మట అంచనా వేయాలి. రెండవది విత్తనం. విశాఖపట్టణం, చెన్నై నుండి ఓడలో రావడానికి దినాలు పడుతుంది. వేడెక్కిన పెట్టెలో విత్తనం చచ్చిపోతుంది. చచ్చిన విత్తనం చూపులకు బ్రతికిన దానివలెనే ఉంటుంది. గరాచర్మలోని పరిశోధన సంస్థలోనూ, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రంలోనూ శిక్షణ, విత్తనాల సంగతి ముందుగా విచారించడం మేలు. మూడవది కాలం. పర్యాటకులు వచ్చి హోటళ్ళలో గిరాకీ పెరిగేది ముఖ్యంగా పొడికాలంలో. పుట్టగొడుగులకు తేమ సులభంగా దొరికేది వానాకాలంలో. వేసవిలో ఈ పరిసరాలలో నీటి ఎద్దడి తెలిసినదే. కావున పాకకు వాననీటి తొట్టి ఖర్చును కూడా మొదటి అంచనాలోనే చేర్చాలి. తరువాత చూచుకుందామని వదలివేసినవారు మార్చి నెలలో పాకను మూసివేయవలసి వస్తుంది.

సంచులన్నీ ఒకేరోజు నింపరాదు. పదేసి దినాల ఎడంతో నింపితే కోత ఏకధాటిగా వస్తుంది. తాజా పుట్టగొడుగులో నూటికి 90 వంతులు నీరే. మిగిలిన సరుకు రెండవ దినానికే వన్నె తగ్గుతుంది. ముత్యపుచిప్పను ఎండబెట్టి నిలువ చేయవచ్చు గాని వానాకాలపు గాలిలో అది ఎండదు. చిన్న డ్రయ్యర్ కావాలి. పది కిలోలు ఎండితే ఒక కిలో మాత్రమే మిగులుతుంది.

మరొక హెచ్చరిక. అధిక ధరకు విత్తనం, యంత్రాలు అంటగట్టి "పంటంతా మేమే కొంటాము" అని కాగితం వ్రాసి ఇచ్చేవారు దేశమంతటా ఉన్నారు. ఔషధ గుణాల పేరుతో గానోడెర్మా పొడిని సర్వరోగ నివారిణిగా అమ్మేవారు వేరొక తెగ. దుకాణదారులు అటువంటి సరుకును అరలో పెట్టేముందు, దానిపై ముద్రించిన మాటలకు అమ్మినవారు కూడా జవాబుదారులేనని తెలుసుకోవాలి. కొనుగోలు ఒప్పందం చూపి రుణం కోరే దరఖాస్తులో ఆ కొనుగోలుదారు గత సంవత్సరం ఎవరి వద్ద ఎంత కొన్నాడో అడగండి. ఇద్దరు రైతుల పేర్లు చెప్పలేనివాని ఒప్పందాన్ని లెక్కలోకి తీసుకోరాదు.

దరఖాస్తుకు అనువైన సమయం ఫిబ్రవరి. శిక్షణ ధ్రువపత్రం, పాక వేసే స్థలపు కాగితం, గడ్డి ఎక్కడ నుండి ఏ ధరకు వస్తుందో తెలిపే చీటీ, పది సంచుల ప్రయోగంలో వచ్చిన దిగుబడి వ్రాసిన పుస్తకం వెంట తీసుకువెళ్ళాలి. మార్చిలో మంజూరైతే ఏప్రిల్ చివరకు పాక, అరలు సిద్ధమవుతాయి. మే నెలలో తొలి సంచులు నింపితే, వానలు స్థిరపడే జూన్ నాటికి మొదటి కోత చేతికి వస్తుంది.